ఐవీ కొవ్వు ఎక్కుతున్న రోగి లిపిడ్ రిపోర్టు: డోసు లెక్క, శాంపిల్ తీసే తీరు, అంకెలు చదివే పద్ధతి

పోషణ కోసం సిరలోకి లిపిడ్ ఎమల్షన్ (నీటిలో సన్నని బిందువులుగా కలిపిన నూనె) ఎక్కుతున్న రోగి రిపోర్టును మామూలు ఓపీ రిపోర్టులా చదివితే తరచూ రెండు పొరపాట్లు జరుగుతాయి. ట్రైగ్లిజరైడ్ (నూనె రూపంలో ఉండే కొవ్వు) కాస్త పెరగ్గానే కొవ్వు మొత్తం ఆపేస్తారు. లేదా కొలెస్ట్రాల్ పెరిగిందని దాన్ని తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెడతారు. నిజానికి ఆ రెండు అంకెలూ ఒకే సీసాలో ఉన్న రెండు వేరువేరు రేణువుల గురించి చెబుతున్నాయి. ఏ అంకె ఏ రేణువుదో తెలిస్తే ఏం తగ్గించాలో, దేన్ని ముట్టుకోకూడదో తేలిపోతుంది.

ముందు సీసా లేబుల్ చదవండి

20% సోయా ఎమల్షన్‌లో లీటరుకు 200 గ్రాముల నూనె, 12 గ్రాముల గుడ్డుసొన ఫాస్ఫోలిపిడ్ (నూనెను నీటిలో కలిపి ఉంచేది), సుమారు 22 గ్రాముల గ్లిసరాల్ ఉంటాయి. అంతకుముందు వాడిన పత్తిగింజల నూనె ఎమల్షన్లు తీవ్రమైన రియాక్షన్ల వల్ల మూలపడ్డాయి. 1960ల మొదట్లో స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ రూపొందించిన ఇంట్రాలిపిడ్‌తోనే సోయా నూనె, గుడ్డుసొన ఫాస్ఫోలిపిడ్ జోడీ స్థిరపడింది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సాధారణ 10% ఎమల్షన్‌లోనూ లీటరుకు ఫాస్ఫోలిపిడ్ అదే 12 గ్రాములు, 30% లోనూ అంతే. నూనె మారుతుంది, ఫాస్ఫోలిపిడ్ మారదు. కాబట్టి రోగికి రోజుకు 60 గ్రాముల కొవ్వు ఇవ్వాలనుకుంటే:

10% అయితే 600 మి.లీ. పడుతుంది, దాంతో 7.2 గ్రాముల ఫాస్ఫోలిపిడ్ లోపలికి వెళ్తుంది.
20% అయితే 300 మి.లీ., 3.6 గ్రాములు.
30% అయితే 200 మి.లీ., 2.4 గ్రాములు. దీన్ని నేరుగా ఎక్కించరు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, కొవ్వు కలిపిన మిశ్రమ సంచి తయారీకే వాడతారు.

నూనె బిందువుల చుట్టూ పొరగా ఏర్పడడానికి కావలసినదానికంటే ఎక్కువ ఫాస్ఫోలిపిడ్ ఉంటే, మిగిలింది నూనె లేని చిన్నచిన్న లైపోజోములుగా చుట్టుకుంటుంది. అంటే సీసాలో రెండు జాతులున్నాయి. ఒకటి సుమారు 300 నానోమీటర్ల నూనె బిందువు, రెండోది అంతకంటే చాలా చిన్నదైన ఖాళీ ఫాస్ఫోలిపిడ్ గుళిక. మొదటిది ట్రైగ్లిజరైడ్‌ను నడిపిస్తుంది, రెండోది కొలెస్ట్రాల్‌ను. కొన్ని కంపెనీల 10% సీసాల్లో ఫాస్ఫోలిపిడ్ తక్కువ ఉంటుంది కాబట్టి పేరు చూసి కాక లేబుల్ చూసి లెక్కేయండి.

నూనె బిందువు దారి

ఇది రక్తంలో దాదాపు కైలోమైక్రాన్‌లా (తిన్న కొవ్వును పేగు నుంచి మోసుకొచ్చే రేణువులా) ప్రవర్తిస్తుంది, కానీ పేగులో తయారైన కైలోమైక్రాన్‌కి ఉండే అపో-బి48 అనే ప్రోటీన్ దీనికి ఉండదు. రక్తంలోకి రాగానే హెచ్‌డీఎల్ నుంచి అపో-సి2, సి3, ఇ అనే ప్రోటీన్లను తీసుకుంటుంది. కండరాల్లో, కొవ్వు కణజాలంలో కేశనాళికల గోడకు అంటుకుని ఉన్న లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌ను అపో-సి2 పనిచేయిస్తుంది, సి3 అడ్డుకుంటుంది. ట్రైగ్లిజరైడ్ విడిపోయి కొవ్వు ఆమ్లాలు, గ్లిసరాల్ అవుతాయి. మిగిలిన అవశేషాన్ని అపో-ఇ సాయంతో కాలేయం లాక్కుంటుంది.

ఈ దారిలో ఎక్కడ ఇరుకైనా ట్రైగ్లిజరైడ్ పేరుకుంటుంది. సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినే స్థితిలో) లైపేజ్ తగ్గుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో అపో-సి3 పెరుగుతుంది. నెలలు నిండని పసికందులో లైపేజ్ ఇంకా పూర్తిగా సిద్ధమై ఉండదు. స్టీరాయిడ్లు, అదుపు తప్పిన షుగరు, సిరోలిమస్, సైక్లోస్పోరిన్ లాంటి మందులు కూడా అదే పని చేస్తాయి.

ఇంకోవైపు కొలెస్టెరిల్ ఎస్టర్ బదిలీ ప్రోటీన్ ఈ బిందువుల ట్రైగ్లిజరైడ్‌ను హెచ్‌డీఎల్‌లోకి, ఎల్‌డీఎల్‌లోకి పంపి, బదులుగా కొలెస్ట్రాల్ ఎస్టర్‌ను (కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్ట్రాల్‌ను) బయటికి తెస్తుంది. ట్రైగ్లిజరైడ్ నిండిన హెచ్‌డీఎల్‌ను కాలేయ లైపేజ్ కోస్తుంది. అందుకే కొవ్వు ఎక్కుతున్న రోజుల్లో హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గడం మామూలే. గుండె ముప్పు పట్టికలో పెట్టి చూడాల్సిన అంకె కాదది.

ఖాళీ గుళిక దారి

లైపోజోములో నూనె లేదు కాబట్టి లైపేజ్‌కు అక్కడ పెద్దగా పని లేదు. అది ఎర్రకణాల పొరల నుంచి, ఇతర కణాల నుంచి ఎస్టర్ కాని కొలెస్ట్రాల్‌ను, అంటే ఫ్రీ కొలెస్ట్రాల్‌ను లాగి నింపుకుంటుంది. కాస్త అల్బుమిన్, అపో-సి చేరతాయి. అలా తయారయ్యేదే లైపోప్రోటీన్-ఎక్స్. పిత్తం అడ్డుపడిన జబ్బుల్లో కనిపించేదీ ఇదే జాతి. ఇందులో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్, తర్వాతి వాటా ఫ్రీ కొలెస్ట్రాల్. అపో-బి ఉండదు. ట్రైగ్లిజరైడ్ గంటల్లో దిగిపోతే ఇది దిగడానికి రోజులు పడుతుంది.

ఈ గుళికలు నూనె బిందువుల పనికి కూడా అడ్డం వస్తాయి. నెలలు నిండని పిల్లల్లో ఒకే కొవ్వు మోతాదును 10% తో, 20% తో ఇచ్చి పోల్చినప్పుడు 10% ఎక్కినవాళ్ళలోనే ఫాస్ఫోలిపిడ్, కొలెస్ట్రాల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్ కూడా ఎక్కువగా పెరిగింది. “పల్చనిది కదా, పిల్లలకు మంచిది” అనే ఆలోచన సరిగ్గా తలకిందులు. పసికందుకైనా పెద్దవాళ్ళకైనా 20% ఎంచుకోండి. చేప నూనె ఎమల్షన్ లాంటివి 10% లోనే దొరుకుతాయి, అది వేరే లెక్క.

డోసు లెక్కించడం

పెద్దవాళ్ళకు రోజుకు కిలోకు 0.7 నుంచి 1.5 గ్రాములు. గంటకు కిలోకు 0.11 గ్రాములు దాటనివ్వకపోవడం మంచిది. 60 కిలోల మనిషికి రోజుకు కిలోకు 1 గ్రాము అంటే 60 గ్రాములు, 20% లో 300 మి.లీ. దాన్ని 20 గంటల్లో ఎక్కిస్తే గంటకు 15 మి.లీ., అంటే కిలోకు 0.05 గ్రాములు. అదే సీసాను 6 గంటల్లో దించేస్తే గంటకు 0.17 అవుతుంది. రోజు మోతాదు ఒకటే అయినా రెండో రోగి సీరం పాలలా ఉంటే ఆశ్చర్యం లేదు. లైపేజ్‌కు గంటకు ఇంతే అని ఒక సామర్థ్యం ఉంటుంది. అది నిండాక వచ్చినదంతా రక్తంలోనే తిరుగుతుంది.

నెలలు నిండని పసికందుకు కిలోకు 1 నుంచి 2 గ్రాములతో మొదలుపెట్టి, రోజుకు 0.5 నుంచి 1 గ్రాము చొప్పున పెంచుకుంటూ 3 దగ్గర నిలపడం మామూలు. 4 గరిష్ఠ పరిమితి. 24 గంటలూ సమంగా ఎక్కాలి.

ఐసీయూలో ఎక్కువసార్లు లెక్క తప్పేది ప్రోపోఫాల్ దగ్గర. అది మత్తుమందు ముసుగులో ఉన్న 10% లిపిడ్ ఎమల్షనే. అదే 60 కిలోల రోగికి గంటకు కిలోకు 3 మి.గ్రా. చొప్పున 1% ప్రోపోఫాల్ నడుస్తోందనుకోండి. గంటకు 18 మి.లీ., రోజుకు 432 మి.లీ. అందులో 43 గ్రాముల కొవ్వు, 475 కేలరీలు, 5 గ్రాములకు పైగా ఫాస్ఫోలిపిడ్. పోషకాహారంలో ఇస్తున్న 60 గ్రాములు కలిపితే 103 గ్రాములు, అంటే కిలోకు 1.7. పరిమితి దాటిపోయింది. పైగా ఫాస్ఫోలిపిడ్ వైపు చూస్తే పోషకాహార సీసా కంటే మత్తుమందే ఎక్కువ మోస్తోంది. ప్రోపోఫాల్ ఆగేదాకా పోషకాహార కొవ్వును తగ్గించండి. 2% ప్రోపోఫాల్ దొరికితే అదే మందుకు కొవ్వు సగమే. బీపీ మందు క్లెవిడిపిన్ కూడా 20% ఎమల్షన్‌లోనే వస్తుంది, దాన్నీ కలపాలి.

ఏ నూనె

సోయాలో లినోలిక్ ఆమ్లం (శరీరం సొంతంగా తయారుచేసుకోలేని అత్యవసర కొవ్వు ఆమ్లం) సగానికి పైగా ఉంటుంది, మొక్కల స్టెరాల్స్ కూడా ఎక్కువ. తిన్నప్పుడు పేగు ఈ ఫైటోస్టెరాల్స్‌ను చాలావరకు బయటికి నెట్టేస్తుంది. సిరలోంచి వెళ్తే ఆ కాపలా లేదు. ఎన్నో వారాలు ఎక్కిన పిల్లల్లో ఇవి పేరుకుని పిత్త ప్రవాహాన్ని దెబ్బతీస్తాయన్న అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. ల్యాబ్‌లో వాడే ఎంజైమ్ పద్ధతి వీటిని కూడా కొలెస్ట్రాల్‌గానే లెక్కేస్తుందని గుర్తుంచుకోండి.

మధ్యతరహా గొలుసు ట్రైగ్లిజరైడ్లు కలిపిన ఎమల్షన్ త్వరగా విడిపోతుంది. ఆలివ్ ప్రధానమైన దాంట్లో 80% ఆలివ్, 20% సోయా. స్మోఫ్‌లిపిడ్‌లో సోయా 30, మధ్యతరహా గొలుసు 30, ఆలివ్ 25, చేప నూనె 15 పాళ్ళు. చేప నూనె కాలేయం నుంచి వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్‌ను మోసే కాలేయ రేణువు) విడుదలను తగ్గిస్తుంది కాబట్టి ట్రైగ్లిజరైడ్ మొండికేసినప్పుడు మిశ్రమ నూనెకు మారడం సబబైన నిర్ణయమే. కానీ మారితే అత్యవసర కొవ్వు ఆమ్లాల లెక్క కూడా మారుతుంది, దాని గురించి కింద చూద్దాం.

శాంపిల్ తీయడం

ఇక్కడ జరిగే తప్పులే రిపోర్టును ఎక్కువగా చెడగొడతాయి.

మొదలుపెట్టకముందే ఒక ట్రైగ్లిజరైడ్ చూసి ఉంచండి. అది లేకపోతే తర్వాత వచ్చిన 380 మి.గ్రా./డె.లీ. కొవ్వు వల్ల వచ్చిందా, రోగికి ముందే ఉందా అన్నది తేలదు. మోతాదు పెంచిన ఒకటి రెండు రోజులకు మళ్ళీ, నిలకడయ్యాక వారానికోసారి.

24 గంటలూ ఎక్కుతున్న రోగికి ఆపకుండా, ఎక్కుతుండగానే తీయండి. మనకు కావలసింది అప్పటి నిలకడ స్థాయి. రాత్రి మాత్రమే ఎక్కించుకునేవాళ్ళలో ఆపిన 4 నుంచి 6 గంటల తర్వాత తీస్తే రక్తం శుభ్రపడుతోందో లేదో తెలుస్తుంది. ఏది చేసినా కొవ్వు ఎప్పుడు మొదలైంది, ఏ వేగంతో ఎక్కుతోంది, శాంపిల్ ఎప్పుడు తీశారు అన్నవి ఫారం మీద రాయండి. ఈ మూడూ లేని అంకెకు అర్థం చెప్పలేం.

ఎక్కుతున్న లైను నుంచి తీయకండి. రెండో చేతి నుంచి తీయండి. 20% ఎమల్షన్‌లో ట్రైగ్లిజరైడ్ డెసిలీటరుకు 20,000 మి.గ్రా. 2 మి.లీ. రక్తంలో 0.1 మి.లీ. ఎమల్షన్ కలిసిందంటే, అందులో ప్లాస్మా సగమనుకుంటే, ట్రైగ్లిజరైడ్ ఏకంగా 1,800 దాకా పెరిగినట్టు చూపిస్తుంది. నిన్న 210 ఉన్న రోగికి ఈరోజు 2,000 వచ్చి, మనిషిలో ఏ మార్పూ లేకపోతే ముందు అనుమానించాల్సింది రోగిని కాదు, సిరంజిని. అదే ట్యూబులో షుగరు, పొటాషియం కూడా వింతగా ఉంటే మిశ్రమ సంచి కలిసిందని దాదాపు ఖాయం. కొవ్వు ఆపకముందు మళ్ళీ తీయించండి.

చాలా పద్ధతులు ట్రైగ్లిజరైడ్‌ను నేరుగా కొలవవు, దాన్ని విడగొట్టి వచ్చిన గ్లిసరాల్‌ను కొలుస్తాయి. ఎమల్షన్‌లో విడిగా ఉన్న గ్లిసరాల్ కూడా అందులో కలిసిపోతుంది. లీటరుకు 1 మిల్లీమోల్ గ్లిసరాల్ సుమారు 88 మి.గ్రా./డె.లీ. ట్రైగ్లిజరైడ్‌గా కనిపిస్తుంది. సీరం తేటగా ఉండి అంకె మాత్రం ఎక్కువుంటే గ్లిసరాల్ బ్లాంక్‌తో (విడిగా ఉన్న గ్లిసరాల్‌ను తీసేసి లెక్కించే పద్ధతిలో) చేయగలరా అని ల్యాబ్‌ను అడగండి.

చిక్కగా తెల్లబారిన శాంపిల్ మిగతా పరీక్షలనూ చెడగొడుతుంది. హిమోగ్లోబిన్ లేని ఎక్కువ చూపిస్తుంది, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సాంద్రత) 36 దాటిపోతుంది. పెద్ద ఎనలైజర్లు శాంపిల్‌ను పల్చన చేసి సోడియం కొలుస్తాయి కాబట్టి అది తప్పుడు తక్కువ వస్తుంది. బ్లడ్ గ్యాస్ మెషిన్‌లో చూస్తే అసలు సోడియం తెలుస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. లైపోప్రోటీన్-ఎక్స్ కాంతిని చెదరగొట్టదు. అది విపరీతంగా పెరిగినా సీరం తేటగానే ఉంటుంది, సోడియం మాత్రం తప్పుగానే వస్తుంది. తేటగా ఉంది కదా అని నమ్మేయకూడదు.

అతివేగ సెంట్రిఫ్యూజ్‌లో కొవ్వు తీసేసి మిగతా పరీక్షలు చేయవచ్చు. అలా కొవ్వు తీసేసిన ట్యూబు మీద లిపిడ్లు కొలిచి పంపడం మాత్రం అప్పుడప్పుడూ జరిగే ఘోరం.

లోకల్ అనస్థీషియా విషప్రభావానికి 20% ఎమల్షన్‌ను కిలోకు 1.5 మి.లీ. బోలస్‌గా (ఒకేసారి వేగంగా) ఇవ్వాల్సి వచ్చినప్పుడు వీలైతే శాంపిళ్ళన్నీ ముందే తీసేయండి. తర్వాత కొన్ని గంటలపాటు ఏ అంకెనూ నమ్మలేం.

రిపోర్టు చదవడం

ఇలాంటి రిపోర్టు వచ్చిందనుకోండి: మొత్తం కొలెస్ట్రాల్ 260, హెచ్‌డీఎల్ 22, ట్రైగ్లిజరైడ్ 310. ఎల్‌డీఎల్‌ను లెక్కగట్టే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం 310ని 5తో భాగిస్తే 62. 260 నుంచి 22, 62 తీసేస్తే ఎల్‌డీఎల్ 176 అని ప్రింటు వస్తుంది. ఈ 176 అసలు ఎల్‌డీఎలేనా?

ఆ సూత్రం ట్రైగ్లిజరైడ్ అంతా వీఎల్‌డీఎల్‌లో ఉందని, దాంట్లో కొలెస్ట్రాల్ ఐదో వంతని అనుకుంటుంది. ఎమల్షన్ బిందువుల్లో ట్రైగ్లిజరైడ్ ఉంది గానీ కొలెస్ట్రాల్ దాదాపు లేదు. లైపోప్రోటీన్-ఎక్స్‌లో కొలెస్ట్రాల్ ఉంది గానీ ట్రైగ్లిజరైడ్ దాదాపు లేదు. రెండువైపులా సూత్రం తప్పుతుంది. 400 దాటితే వాడకూడదన్న నియమం అందరికీ తెలుసు. ఇక్కడ 400 లోపు కూడా వాడకూడదు. డైరెక్ట్ ఎల్‌డీఎల్ పరీక్ష కూడా లైపోప్రోటీన్-ఎక్స్ దగ్గర తడబడుతుంది. నాన్-హెచ్‌డీఎల్ (మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) అయితే దాన్ని పూర్తిగా తనలో కలిపేసుకుంటుంది.

అడగాల్సినవి రెండు: అపో-బి (అసలు ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువుల మీద ఉండే ప్రోటీన్), ఫ్రీ కొలెస్ట్రాల్. మామూలుగా మొత్తం కొలెస్ట్రాల్‌లో ఫ్రీ వాటా 25 నుంచి 30 శాతం. ఈ రోగిలో ఫ్రీ 130, అంటే సగం ఉండి, అపో-బి 70 మాత్రమే ఉంటే లెక్క తేలిపోయినట్టే. పెరిగింది లైపోప్రోటీన్-ఎక్స్. స్టాటిన్‌తో పనిలేదు. 10% ఎమల్షన్ నడుస్తుంటే 20% కి మార్చండి, ప్రోపోఫాల్ మోతాదు చూడండి. దాంతోపాటు పిత్తం అడ్డుపడిందో లేదో చెప్పే డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ పరీక్షలు చూడకుండా వదలొద్దు. పిత్తం ఆగినా ఇదే బొమ్మ వస్తుంది, పైగా ఎన్నాళ్ళుగానో సిర ద్వారా పోషణ తీసుకునేవాళ్ళలో రెండు కారణాలూ కలిసి ఉండొచ్చు.

చిన్నపేగు చాలావరకు తీసేసినవాళ్ళలో దీనికి వ్యతిరేకం కనిపిస్తుంది. పిత్తలవణాలు మలంలో పోతుంటాయి, వాటిని మళ్ళీ తయారుచేయడానికి కాలేయం కొలెస్ట్రాల్‌ను ఖర్చుపెడుతుంది. ఎల్‌డీఎల్ బాగా దిగుతుంది.

ట్రైగ్లిజరైడ్ పెరిగినప్పుడు

పెద్దవాళ్ళలో కొవ్వు ఎక్కుతుండగా తీసిన అంకె 400 మి.గ్రా./డె.లీ. లోపు ఉంటే కొనసాగించవచ్చు. కొన్ని తయారీల లేబుళ్ళు ఇంకా తక్కువ గీత పెడతాయి, అవే పాటించండి. పసికందుల్లో 265, పెద్ద పిల్లల్లో 400 దాటితే మోతాదు తగ్గించాలి. 1,000 దాటితే పాంక్రియాస్ వాపు భయం నిజమైనది. ఆపేయాల్సిందే.

400కీ 1,000కీ మధ్య ఉన్నప్పుడు చేయాల్సిన పనికి ఒక వరస ఉంది. శాంపిల్ నమ్మదగ్గదేనా చూడండి. తర్వాత గ్లూకోజ్ లెక్కేయండి. చాలామంది కొవ్వునే తప్పుపడతారు గానీ తరచూ దోషి గ్లూకోజే. నిమిషానికి కిలోకు 4 నుంచి 5 మి.గ్రా. దాటితే కాలేయం మిగులును కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్‌గా రక్తంలోకి వదులుతుంది. 60 కిలోల మనిషికి 5 మి.గ్రా. అంటే రోజుకు 432 గ్రాములు. ఆ దరిదాపుల్లో ఉంటే ముందు గ్లూకోజ్ తగ్గించండి, లేకపోతే కొవ్వు ఆపాక కూడా అంకె దిగదు. కొవ్వు ఆపి ఆ కేలరీలను గ్లూకోజ్‌తో భర్తీ చేయడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం. ఆ తర్వాత ప్రోపోఫాల్, స్టీరాయిడ్, ఇన్ఫెక్షన్ చూడండి. చివరగా కొవ్వు మోతాదు సగం చేసి, ఎక్కే వ్యవధిని 24 గంటలకు పొడిగించండి.

హెపారిన్ ఇస్తే ట్రైగ్లిజరైడ్ దిగుతుంది నిజమే. కేశనాళికల గోడ మీదున్న లైపేజ్‌ను అది రక్తంలోకి ఊడదీస్తుంది. దాంతో కొవ్వు ఆమ్లాలు కణజాలం తీసుకోగలిగినదానికంటే వేగంగా రక్తంలోకి పోటెత్తుతాయి. పసికందులో అవి అల్బుమిన్ మీది బిలిరుబిన్‌ను తోసేయగలవు. రిపోర్టు అందంగా కనిపించడం కోసం హెపారిన్ వాడకూడదు.

పూర్తిగా ఆపేస్తే ఎన్నాళ్ళు ఆగొచ్చు? పెద్దవాళ్ళలో అత్యవసర కొవ్వు ఆమ్లాల లోటు బయటపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నెలలు నిండని పసికందులో కొద్దిరోజులే. వాళ్ళకు లినోలిక్ ఆమ్లం రోజుకు కిలోకు కనీసం 0.25 గ్రాములు కావాలి. సోయా అయితే 0.5 గ్రాముల నూనెతో సరిపోతుంది. స్మోఫ్‌లిపిడ్‌లో లినోలిక్ ఐదో వంతే కాబట్టి సుమారు 1.25 గ్రాములు కావాలి. “సగానికి తగ్గించాం” అనేముందు ఏ నూనెలో సగమో చూడాలి. పెద్దవాళ్ళలో ట్రైగ్లిజరైడ్ వల్ల రోజూ ఇవ్వలేకపోతే 20% సోయా 250 మి.లీ. వారానికి రెండుసార్లు, నెమ్మదిగా, లోటు రాకుండా కాపాడుతుంది.

పంపులు తారుమారైతే

పసికందుల వార్డులో అత్యంత ప్రమాదకరమైన పొరపాటు ఇదే. 1.2 కిలోల బిడ్డకు కిలోకు 2 గ్రాముల కొవ్వు అంటే 20% లో 12 మి.లీ., గంటకు 0.5. పక్క పంపులో అమైనో ఆమ్లాలు, గ్లూకోజ్ గంటకు 6 మి.లీ. ఈ రెండు వేగాలు అటూఇటూ అయితే నాలుగు గంటల్లో 24 మి.లీ. కొవ్వు వెళ్ళిపోతుంది, రెండు రోజుల మోతాదు. జ్వరం, ఊపిరి ఆయాసం, కాలేయం, ప్లీహం ఉబ్బడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం, కామెర్లు: వీటిని కలిపి కొవ్వు ఓవర్‌లోడ్ సిండ్రోమ్ అంటారు. కొవ్వును వెంటనే ఆపి, ట్రైగ్లిజరైడ్, బ్లడ్ గ్యాస్, ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే పరీక్షలు పంపండి. గ్లూకోజ్ ద్రవం ఇన్ని గంటలూ 0.5 వేగంతోనే వెళ్ళింది కాబట్టి బిడ్డ షుగరు పడిపోయి ఉండొచ్చు. కంగారులో అందరూ మరిచేది ఇదే. వేలి నుంచో మడమ నుంచో వెంటనే చూడండి.

ప్రతి షిఫ్టు మారినప్పుడు సీసా నుంచి పంపు దాకా, పంపు నుంచి బిడ్డ దాకా లైను చేత్తో పట్టుకుని వెంబడించి చూడడం, కొవ్వు లైనుకు 1.2 మైక్రాన్ ఫిల్టర్ పెట్టడం, విడిగా వేలాడదీసిన సీసాను 12 గంటలకు మార్చడం తప్పనిసరి.

మళ్ళీ మొదలుపెట్టేది ట్రైగ్లిజరైడ్ గీత కిందికి వచ్చాక, పాత మోతాదులో సగంతో. మరుసటి రోజు ఎక్కుతుండగానే ఒక శాంపిల్ తీసి, అది నిలకడగా ఉంటేనే పెంచండి.